చేప కంట్లో చచ్చిన నాడీకణాలు మళ్లీ ఎలా పుడతాయి?

మీరు ఒకే ప్రశ్నలో నాలుగు అడిగారు. తీవ్రమైన కాంతికి చేప రెటీనా, అంటే కంటి వెనక కాంతిని పట్టే పొర, పాడైతే, నెల తిరిగేసరికి కొత్త కణాలు పుట్టి చూపు వస్తుందని చదివారట. అది నిజమేనా, నిజమైతే అక్కడ మూలకణాలేమైనా (వేరే రకాల కణాల్ని పుట్టించగల కణాలు) దాక్కుని ఉంటాయా అన్నది మొదటిది. మనకు ఆ శక్తి ఎందుకు లేదన్నది రెండోది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జన్యులోపపు కంటి జబ్బుతో చూపు తగ్గిపోతున్న మీ పెదనాన్నగారికి ఇందులో ఏమైనా ఆశ ఉందా అన్నది మూడోది. చివర్లో అక్వేరియం లైటు రాత్రంతా వెలుగుతుంటే చేపల కళ్లకు ఏమవుతుందని కూడా అడిగారు.

నేను పదిహేనేళ్లకు పైగా జీబ్రాఫిష్ అనే చిన్న చారల చేప రెటీనాల మీద పనిచేశాను. పలచగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన కళ్లకు లెక్క లేదు. కాబట్టి జవాబు కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

చదివింది నిజమే. కాకపోతే ఈ మరమ్మతు చేసేది దాక్కున్న మూలకణాలు కావు. రెటీనాలో రోజూ ఇంటి చాకిరీ చేసే ఒక మామూలు సహాయక కణం ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది తన పనిని సగం మర్చిపోయి, ఒక్క పిల్లను కని, మళ్లీ వెళ్లి తన పనిలో కూర్చుంటుంది. ఆ పిల్లే పదులుగా పెరిగి కొత్త నాడీకణాలవుతుంది. ఆ సహాయక కణం మన కంట్లోనూ ఉంది. ఇంత ఆసక్తికి కారణం అదే.

ముందు దెబ్బ సంగతి. కాంతి వల్ల రెటీనా చస్తుందని మొదట స్పష్టంగా చూపింది ఎలుకల్లో. 1966లో వెర్నర్ నోయెల్ అనే శాస్త్రవేత్త, మామూలు దీపపు వెలుతురే ఆగకుండా గంటల తరబడి పడితే ఎలుక రెటీనాలో కాంతిని పట్టే కణాలు చచ్చిపోతాయని ప్రచురించాడు. చేపల్లో ఈ పద్ధతిని పక్కాగా స్థిరపరిచింది అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హైడ్ బృందం. వాళ్ల పేపర్ 2000లో వచ్చింది. పద్ధతి చెప్పడానికి తేలికే. ఒంట్లో నల్లరంగు తయారు కాని అల్బినో జీబ్రాఫిష్‌ని కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా కటిక చీకటిలో ఉంచుతారు. తర్వాత సుమారు 20,000 లక్స్ వెలుతురులో మూడు నాలుగు రోజులు ఆపకుండా పెడతారు. బాగా వెలుతురున్న ఆఫీసు గదిలో 500 లక్స్ ఉంటుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష దాకా ఉంటుంది. ఈ రెండూ తెలిస్తే 20,000 అంటే ఎంతో ఊహకు అందుతుంది.

ఎండలో అంతకు అయిదు రెట్లు ఉంటే, బయట నీళ్లలో తిరిగే చేపలన్నీ గుడ్డివి కావాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. చేపలకు మూసుకోవడానికి రెప్పలు కూడా లేవు. కానీ వాటి రెటీనాకు ఒక ఏర్పాటుంది. రెటీనా వెనక నల్లటి పిగ్మెంట్ పొర ఒకటి ఉంటుంది. పగటి వెలుతురు పడగానే మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు పొడుగ్గా సాగి, వాటి కొనలు ఆ నల్లటి పొరలోకి దూరిపోతాయి. పగటి చూపు, రంగుల చూపు చూసుకునే శంకు కణాలు కుంచించుకుని ముందుకు వస్తాయి. చీకటి పడితే అంతా తిరగబడుతుంది. మనం గదిలో కర్టెన్ వేసుకున్నట్టే, వాటికి కర్టెన్ కణం లోపలే ఉంది. అల్బినో చేపకు ఆ నలుపు లేదు. కర్టెన్ ఉంటుంది గానీ గుడ్డ పారదర్శకం. ప్రయోగానికి అల్బినోని ఎంచుకునేది అందుకే. నల్లరంగున్న చేపల్లో అదే నష్టం తేవాలంటే లక్షకు పైగా లక్స్ ఉన్న కాంతిని అరగంట పాటు దగ్గరనుంచి కొట్టాలి.

ఇక చీకటి ఎందుకంటే, దండ కణంలో కాంతిని పట్టే రొడాప్సిన్ అనే ప్రొటీన్ చీకటిలో పూర్తిగా నిండుతుంది. ఎంత నిండితే అంత ఎక్కువ కాంతిని మింగుతుంది, అంత దెబ్బ తింటుంది. ఈ విషయం నేను పుస్తకంలో చదివి కాదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. మొదట్లో ఒక చోట పనిచేస్తున్నప్పుడు నా ప్రయోగాల్లో కొన్ని చేపలకు రెటీనా బాగా దెబ్బతినేది, కొన్నింటికి అంతంత మాత్రం. రెండు నెలలు లైట్లు మార్చాను, నీళ్లు మార్చాను, చేపల వయసు మార్చాను. చివరికి చూస్తే చీకటి గది తలుపు కింద సందులోంచి వరండా లైటు పడుతోంది. తలుపు వైపు ఉన్న తొట్టెల్లో చేపలకు రొడాప్సిన్ పూర్తిగా నిండనే లేదు. ఒక దళసరి నల్లగుడ్డతో టెన్షన్ తీరింది.

ఇంకో మాట. ఈ దెబ్బ రెటీనా అంతా సమానంగా పడదు. పైభాగంలోనూ మధ్యలోనూ ఎక్కువగా, కింది భాగంలో తక్కువగా పడుతుంది. కాబట్టి ఎవరైనా "ఇన్ని కణాలు తిరిగొచ్చాయి" అని బొమ్మ చూపిస్తే, అది ఏ భాగం బొమ్మో అడగాలి. దెబ్బే తగలని చోటు చూపించి బాగుపడిందని మురిసిపోవడం తేలిక.

ఇప్పుడు రెటీనా లోపలికి వద్దాం. కణాల కేంద్రకాలు మూడు వరుసలుగా ఉంటాయి. అన్నిటికన్నా వెలుపల, అంటే కంటి వెనక వైపు, దండ కణాలు, శంకు కణాలు. కాంతిని పట్టేవి ఇవే. మధ్య వరుసలో ఆ సంకేతాన్ని అందుకుని సరిచేసే నాడీకణాలు. లోపలి వరుసలో గాంగ్లియాన్ కణాలు. వీటి తోకలన్నీ కట్టగా కలిసి దృక్‌నాడిగా మెదడుకు వెళతాయి. మనిషి కంట్లో దండ కణాలు సుమారు 12 కోట్లు, శంకు కణాలు 60 లక్షలు, గాంగ్లియాన్ కణాలు పది లక్షల పైచిలుకు. మనకు మూడు రకాల శంకు కణాలుంటే జీబ్రాఫిష్‌కి నాలుగున్నాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆపైన అతినీలలోహిత కాంతికి ఒకటి. పైగా అవి గచ్చు మీద పలకలు పేర్చినట్టు ఒక క్రమంలో ఉంటాయి. ఈ క్రమం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఈ మూడు వరుసల్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా గుంజల్లా దాటుకుని నిలబడే కణాలు ఇంకో రకం ఉన్నాయి. 19వ శతాబ్దంలో వాటిని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త హైన్రిక్ ముల్లర్ పేరుతో వాటిని ముల్లర్ గ్లియా అంటారు. కేంద్రకం మధ్య వరుసలో ఉంటుంది, చేతులు రెండు వైపులా చాచి ఉంటాయి. ఇవి నాడీకణాలు కావు, వాటికి చాకిరీ చేసేవి. వాడేసిన రసాయన సంకేతాల్ని ఎత్తి పారేస్తాయి, పొటాషియం నిల్వ సరిచూస్తాయి, ఆహారం అందిస్తాయి. ఇంతేనా అంటే, కాంతి ఈ కణం పొడవునా గాజు తీగలోలా ప్రయాణించి వెనక ఉన్న దండ, శంకు కణాల దాకా చేరుతుందని 2007లో తేలింది. సన్నటి ఫైబర్ ఆప్టిక్ తీగల పని మన కంట్లో బతికున్న కణాలే చేస్తున్నాయన్నమాట. ఈ కణాల మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను.

దెబ్బ తగిలాక ఏం జరుగుతుందో గంటల లెక్కన చెబుతాను. ఈ అంకెలు అల్బినో చేపల్లో, లైటు వేసిన క్షణం నుంచి లెక్కపెట్టినవి. ల్యాబుకీ ల్యాబుకీ కొంచెం అటూ ఇటూ అవుతాయి.

మొదటి రోజు ముగిసేసరికి దండ, శంకు కణాలు గుంపులు గుంపులుగా చస్తుంటాయి. పగిలి చిందరవందరగా చావడం కాదిది. లోపలి డీఎన్‌ఏని తామే ముక్కలు చేసుకుని, పొందికగా చచ్చే పద్ధతి. ముల్లర్ కణాలు చచ్చినవాటి ముక్కల్ని మింగుతాయి. మైక్రోగ్లియా అనే సఫాయి కణాలు కూడా వచ్చి చేరతాయి. చస్తున్న కణాల నుంచి టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే సంకేతం వెలువడుతుంది. మనుషుల్లో ఇది వాపు రోగాల్లో వినబడే పేరు. చేప రెటీనాలో మాత్రం ఇది "ఇక్కడ మనుషులు పోయారు, లేవండి" అని తలుపు కొట్టే శబ్దం. 2013లో హైడ్ బృందం చేపల్లో ఈ సంకేతం తయారవకుండా అడ్డుకుని చూసింది. కణాలు చచ్చాయి గానీ ముల్లర్ కణాల్లో విభజన బాగా తగ్గిపోయింది. అంటే కణాలు చచ్చిపోవడం ఒక్కటే చాలదు, ఆ కబురు అందాలి.

కబురందిన ముల్లర్ కణం సుమారు 30 నుంచి 36 గంటల మధ్య కణవిభజన బాట పడుతుంది. ఈ ఘట్టం కంటితో చూడవలసిందే. ముల్లర్ కణాలు మాత్రమే ఆకుపచ్చగా మెరిసేలా జన్యువు మార్చిన చేపలుంటాయి. వాటి రెటీనాని వరసగా కొన్ని గంటలకొకటి చొప్పున కోసి చూస్తే, మధ్య వరుసలో ఉండాల్సిన కేంద్రకం గుంజ మీద పాకినట్టు కణం వెంబడి పాకి, కణాలు చచ్చి ఖాళీ అయిన వెలుపలి వరుస దాకా వెళుతుంది. అక్కడ రెండుగా విడిపోతుంది. తర్వాత వెనక్కి దిగుతుంది. పిండం పెరిగేటప్పుడు రెటీనా కణాలు సరిగ్గా ఇలాగే చేస్తాయి. పెద్ద చేప కంట్లో ఇది మొదటిసారి చూసిన రోజు నేను భోజనానికి వెళ్లడం మర్చిపోయాను.

ఆ విభజనలో పుట్టిన రెండూ సమానం కావు. ఒకటి మళ్లీ ముల్లర్ కణమే అవుతుంది, తన చాకిరీలో తాను పడుతుంది. రెండోది నాడీకణాల పూర్వకణం. చాలావరకు ముల్లర్ కణం విడిపోయేది ఈ ఒక్కసారే. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పమేలా రేమండ్ బృందం దీన్ని వివరంగా చూపింది. ఈ ఒక్కసారి విభజనే మొత్తం ఏర్పాటుకు ప్రాణం. ముల్లర్ కణం తానే నాడీకణంగా మారిపోతే గుంజ పోతుంది, ఇంకో దెబ్బకు బాగుచేసే దిక్కు ఉండదు. అదే పనిగా విడిపోతూ ఉంటే అది కణితి. చేప ఈ రెంటికీ మధ్య నడుస్తుంది.

రెండో రోజు దాటాక, అంటే 50 గంటల దగ్గర్నుంచి, ఆ పూర్వకణం గబగబా విడిపోతుంది. మూడో రోజుకి గుంజ చుట్టూ ద్రాక్ష గుత్తిలా కణాల గుంపు తయారవుతుంది. ఎన్-క్యాడ్హెరిన్ అనే జిగురు ప్రొటీన్ వాటిని పట్టి ఉంచుతుంది. నాలుగో రోజుకి అవి గుంజనే పట్టుకుని పాకుతూ వెలుపలి వరుసకు చేరతాయి. ఆ తర్వాత వారం, రెండు వారాలు అవి దండ, శంకు కణాలుగా తేరతాయి. మూడు నాలుగు వారాలకు కోసి చూస్తే, దెబ్బ తిన్న రెటీనా ఏదో తిననిదేదో పోల్చడానికి అనుభవం కావాలి. కదిలే చారల్ని చేప కళ్లతో వెంబడిస్తోందా, కాంతి మెరిపిస్తే రెటీనా నుంచి విద్యుత్ సంకేతం వస్తోందా అన్న పరీక్షల్లో చూపు తిరిగొచ్చినట్టు కనబడుతుంది.

కొత్త కణాలు నిజంగా కొత్తవేనని ఎలా తెలుసు, చావకుండా మిగిలినవేమో అని మీరు అడిగి ఉండాల్సింది. బీఆర్‌డీయూ అనే రసాయనం ఉంది. కణం విడిపోయే ముందు డీఎన్‌ఏని నకలు తీసుకునేటప్పుడు అసలు సరుకు బదులు దీన్ని కలుపుకుంటుంది. మూడో రోజున చేపకు దీన్ని ఇచ్చి నెల తర్వాత చూస్తే, ఆ గుర్తున్న శంకు కణం దెబ్బ తగిలాకే పుట్టిందని అర్థం. పాత కణాల్లో ఆ గుర్తు ఉండదు.

మూలకణాల అనుమానం మీకొక్కరికే వచ్చింది కాదు. శాస్త్రవేత్తలు కూడా రెండు దశాబ్దాలకు పైగా అలాగే అనుకున్నారు, దానికి తగిన కారణాలూ ఉన్నాయి. చేప బతికినన్నాళ్లూ పెరుగుతుంది, దాంతోపాటు కన్నూ పెరుగుతుంది. రెటీనా అంచున వలయంలా మూలకణాల జోను ఒకటి నిజంగానే ఉంది. చెట్టు కాండంలో ఏటికేడు వలయాలు చేరినట్టు అది కొత్త రెటీనాని అంచున చేరుస్తూ పోతుంది. ఇవి కాక, పెరిగే కంట్లో దండ కణాలు పలచబడకుండా మధ్యమధ్యలో కొత్త దండాల్ని చేర్చే పూర్వకణాలు వేరే ఉన్నాయి. 1970ల చివర్లో గోల్డ్‌ఫిష్ కంట్లోకి ఊబైన్ అనే విషం ఎక్కించి రెటీనాని నాశనం చేసినప్పుడు అది తిరిగి పెరిగింది. దాంతో అందరి వేలూ ముందు ఈ దండ పూర్వకణాల వైపే చూపింది. ముల్లర్ కణాల మీద చాలామందికి నమ్మకం కుదిరింది 2006, 2007 ప్రాంతంలో, మిషిగన్‌లో డేనియల్ గోల్డ్‌మన్, పమేలా రేమండ్ బృందాలు ముల్లర్ కణాలకు మెరిసే గుర్తు పెట్టి వాటి సంతానాన్ని వెంబడించాక. చిత్రం ఏమిటంటే, అసలు ఆ దండ పూర్వకణాలు కూడా నింపాదిగా విడిపోయే ముల్లర్ కణాల పిల్లలేనని తేలింది. అనుమానితుడూ అసలు మనిషీ ఒకే ఇంటివాళ్లు.

ఇక్కడ మెలిక ఒకటుంది. దండ కణాలు మాత్రమే మెల్లమెల్లగా చచ్చే చేపల్లో ముల్లర్ కణాలు పెద్దగా లేవవు. దండ పూర్వకణాలే కొంచెం ఎక్కువ పనిచేసి లోటు పూడుస్తాయి. నష్టం ఒక్కసారిగా, పెద్దగా, శంకు కణాల్ని కూడా కలుపుకుని జరిగితేనే ముల్లర్ కణం పూర్తి స్థాయిలో రంగంలోకి దిగుతుంది. మీ పెదనాన్నగారి విషయంలో ఈ తేడా అవసరం పడుతుంది.

లోపలి యంత్రాంగం గురించి ఎంత చెప్పినా తరగదు గానీ, ఒక్క గొలుసు చెబుతాను. తేరిన కణంలో, అంటే తన వృత్తిలో స్థిరపడ్డ కణంలో, లెట్-7 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. మళ్లీ పసితనంలోకి తీసుకెళ్లే జన్యువుల నోరు నొక్కి ఉంచడం దాని పని. దెబ్బ తగిలిన కొద్ది గంటల్లోనే ముల్లర్ కణంలో ఆస్కల్1ఏ అనే జన్యువు మేలుకుంటుంది. అది లిన్-28 అనే ప్రొటీన్‌ని తెప్పిస్తుంది. లిన్-28 వచ్చి లెట్-7 తయారీని ఆపుతుంది. కాపలావాడు పక్కకు తప్పుకుంటాడు, పసితనపు జన్యువులు గొంతు విప్పుతాయి. 2010లో ఈ గొలుసుని బయటపెట్టిన పేపర్‌లో మొదటి రచయిత రాజేశ్ రామచంద్రన్. ఆయన తర్వాత మొహాలీలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థలో ల్యాబు పెట్టి ఇదే పని కొనసాగించారు.

రెండో తాళం పేరు నాచ్. పక్కపక్క కణాల మధ్య నడిచే సంకేతం ఇది. మామూలు రోజుల్లో ముల్లర్ కణానికి "నువ్వు కదలకు" అని చెబుతూ ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఇది తగ్గుతుంది. ఏ దెబ్బా లేని చేపలో మందుతో నాచ్‌ని ఆపి, దాంతోపాటు టీఎన్‌ఎఫ్ ఆల్ఫా ఇస్తే ముల్లర్ కణాలు వాటంతట అవే విభజన మొదలుపెడతాయి. అంటే చేప కంట్లో కూడా ఇది ఎప్పుడూ తెరిచి ఉన్న తలుపు కాదు. తాళం వేసే ఉంటుంది. దానికి తాళంచెవి దొరుకుతుంది, అంతే తేడా.

తిరిగొచ్చిన రెటీనా పాతదానికి అచ్చు నకలా అంటే, కాదు. పలకల క్రమం గుర్తుంచుకోమన్నాను కదా. పైనుంచి చూస్తే, కొత్తగా పుట్టిన శంకు కణాల వరుసలు వంకరటింకరగా ఉంటాయి. కూలిన గోడని కంగారులో కట్టినట్టు. పూర్వకణాలు అవసరం లేనివాటిని కూడా కంటాయి. కాంతి దెబ్బకు చచ్చింది దండ, శంకు కణాలే అయినా, మధ్య వరుసలోనూ లోపలి వరుసలోనూ కొన్ని కొత్త నాడీకణాలు పుడతాయని, అవసరానికి మించి పుడతాయని 2016లో గోల్డ్‌మన్ బృందం చూపింది. కొత్త కణాలు పక్కవాటితో వేసుకునే కనెక్షన్లలో కూడా పొరపాట్లు కనిపించాయి. అయినా చేపకు చూపు వస్తుంది. దీన్ని నేను లోపంగా చూడను. చేప కన్ను బొమ్మ గీసినట్టు పనిచేయడం లేదని, సరిపోయేంత చేసి ఆగుతుందని ఇది చెబుతుంది. మనకు కూడా నూటికి నూరు శాతం రెటీనా అక్కర్లేదు. ముఖం గుర్తుపట్టేంత వస్తే చాలు.

మన కంటి సంగతి. మన రెటీనాకి దెబ్బ తగిలినా ముల్లర్ కణాలు ఊరుకోవు. ఉబ్బుతాయి, జీఎఫ్‌ఏపీ అనే నారల్ని ఎక్కువగా తయారుచేస్తాయి, ఖాళీల్ని పూడ్చి మచ్చ కడతాయి. తొలి గంటల్లో చేప కణమూ ఎలుక కణమూ చేసే పనులు చాలావరకు ఒకటే. చేప అక్కడినుంచి ముందుకెళుతుంది. ఎలుక వెనక్కి తిరిగి స్థిరపడిపోతుంది. కోడిపిల్లలు మధ్యలో ఉన్నాయి. వాటి ముల్లర్ కణాలు విడిపోతాయి గానీ పుట్టినవాటిలో నాడీకణాలయ్యేవి కొన్నే అని 2001లో తేలింది.

2020లో చేప, కోడి, ఎలుక మూడింటి ముల్లర్ కణాల్నీ పక్కపక్కన పెట్టి, ఏ జన్యువు ఎప్పుడు లేస్తోందో ఎప్పుడు పడుకుంటోందో పోల్చిన పెద్ద అధ్యయనం వచ్చింది. ఎలుకలో ఎన్‌ఎఫ్‌ఐ అనే కుటుంబానికి చెందిన జన్యువులు కణాన్ని బలవంతంగా వెనక్కి, విశ్రాంతిలోకి లాగుతున్నాయని అందులో తేలింది. వాటిని తీసేస్తే, దెబ్బ తర్వాత ఎలుక ముల్లర్ కణాల్లో కొన్ని విభజన చెంది నాడీకణాల్ని కూడా ఇచ్చాయి. అంతకు ముందు 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో థామస్ రే బృందం ఇంకో దారిలో వెళ్లింది. చేపలో మొదట లేచే ఆ ఆస్కల్1 జన్యువునే పెద్ద ఎలుక ముల్లర్ కణాల్లో బలవంతంగా లేపారు. దాంతోపాటు, బిగుసుకుపోయిన డీఎన్‌ఏ చుట్టల్ని వదులు చేసే మందు ఇచ్చారు. కొత్త నాడీకణాలు పుట్టాయి, పక్కవాటితో కలిశాయి, కాంతికి స్పందించాయి. అయితే అవి మధ్య వరుస కణాల రకం. పెదనాన్నగారికి కావలసిన దండ, శంకు కణాలు అందులో రాలేదు.

ఈ రంగంలో ఒక దెబ్బ కూడా తగిలింది, అది చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఒకే ఒక్క జన్యువుని ఆపేస్తే ముల్లర్ కణాలు నేరుగా నాడీకణాలుగా మారిపోతాయని 2020 ప్రాంతంలో పేరున్న పత్రికల్లో పేపర్లు వచ్చాయి, పెద్ద హడావిడి జరిగింది. తర్వాత వేరే బృందాలు గట్టి గుర్తులు పెట్టి పరీక్షిస్తే ఆ మార్పు కనబడలేదు. జన్యువుని మోసుకెళ్లే వైరస్ మెరిసే గుర్తుని పాత నాడీకణాల్లో కూడా లీక్ చేసింది. ఎప్పటినుంచో అక్కడున్న కణాల్ని చూసి కొత్తగా పుట్టాయనుకున్నారు. బీఆర్‌డీయూ పరీక్ష గురించి పైన అంతసేపు చెప్పింది ఇందుకే. "గ్లియా న్యూరాన్ (నాడీకణం) అయింది" అనే వార్త కనబడితే, ఆ కణం పుట్టిన తేదీకి రుజువు ఏదని నేను ముందు వెతుకుతాను.

ఇక పెదనాన్నగారి గురించి. రెటినైటిస్ పిగ్మెంటోసాలో జన్యులోపం వల్ల దండ కణాలు ఏళ్ల తరబడి చస్తాయి, వాటి వెనకే శంకు కణాలు పోతాయి. చేపలో ముల్లర్ కణాన్ని లేపేది ఒక్కసారిగా తగిలే పెద్ద దెబ్బ అని చెప్పాను. ఇది దానికి పూర్తిగా వ్యతిరేకం. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆయన ముల్లర్ కణాల్లోనూ అదే జన్యులోపం ఉంటుంది. రేపెప్పుడో వాటిని లేపగలిగినా, వాటికి పుట్టే కొత్త దండ కణాలు అదే లోపంతో పుడతాయి, అదే దారిలో పోతాయి. కాబట్టి ఆయనకు పునరుత్పత్తి ఒక్కటే సరిపోదు, జన్యువుని సరిదిద్దడం కూడా కలవాలి. ఈ రెండో భాగం అయితే కొంత నిజమైంది. ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపమున్నవాళ్లకు జన్యుచికిత్స 2017లో అమెరికాలో అనుమతి పొందింది. అది ఆ ఒక్క జన్యువుకే, రోగుల్లో చిన్న భాగానికే. కాబట్టి మీరు ఇప్పుడు చేయదగ్గ పని, ఆయనకు లోపం ఏ జన్యువులో ఉందో పరీక్ష చేయించడం. ఆ పేరు తెలిస్తే ఏ కొత్త ప్రయోగం ఆయనకు వర్తిస్తుందో, ఏది వర్తించదో చెప్పగలం.

చేయకూడని పని కూడా చెబుతాను. ఒంట్లోని కొవ్వు తీసి, అందులో మూలకణాలున్నాయంటూ కంట్లోకి ఎక్కించే చోట్లకు ఆయన్ని తీసుకెళ్లకండి. అమెరికాలో అలా రెండు కళ్లకూ ఎక్కించుకున్న ముగ్గురు స్త్రీలకు చూపు తీవ్రంగా దెబ్బతిన్న సంగతి 2017లో వైద్య పత్రికలో వచ్చింది. కొవ్వులో కణానికి రెటీనా గుత్తి కట్టే విద్య తెలియదు. ఎవరైనా చేపల పరిశోధన చూపించి డబ్బు అడిగితే, ఆ పరిశోధనలో బయటనుంచి ఒక్క కణాన్ని కూడా ఎక్కించలేదని గుర్తుచేయండి. అక్కడ పని చేసింది అంతా లోపలి కణమే.

చివరిది అక్వేరియం లైటు. ఇళ్లలో వాడే లైట్లు 20,000 లక్స్ దరిదాపుల్లో ఉండవు, మీ చేపలు అల్బినోలు కాకపోతే నల్లటి కర్టెన్ కూడా ఉంది. కళ్లు పోతాయన్న భయం వద్దు. కానీ చీకటి లేకపోతే దండ, శంకు కణాల రోజువారీ అటూ ఇటూ కదలిక దెబ్బతింటుంది, చేపలకు నిద్ర కూడా తగ్గుతుంది. ల్యాబుల్లో మేం పద్నాలుగు గంటలు వెలుతురు, పది గంటలు చీకటి పెడతాం. ఒక టైమర్ స్విచ్ కొని రాత్రి పదికి ఆరి ఉదయం ఎనిమిదికి వెలిగేలా పెట్టేయండి, చాలు. అల్బినో చేపలుంటే మాత్రం కాస్త తక్కువ వెలుతురున్న లైటు పెట్టి, దూరి కూర్చోవడానికి నీడనిచ్చే మొక్కలో రాళ్లో ఉంచండి.